యాభై ఏళ్ల ముఖానికి పాతికేళ్లనాటి మేకప్ ఎందుకు కుదరదు

పెళ్లికూతుళ్లను అలంకరించడానికి ఇళ్లకు వెళ్లే నాకు దాదాపు ప్రతి పెళ్లిలోనూ ఒకే దృశ్యం ఎదురవుతుంది. పెళ్లికూతురి అలంకరణ పూర్తయి, పీటల మీద కూర్చునే వేళ దగ్గర పడ్డాక, అప్పటిదాకా వచ్చినవారికి మర్యాదలు చేస్తూ తిరిగిన తల్లి గదిలోకి వచ్చి, "నాకూ ఏదో కాస్త అద్దు తల్లీ" అని అడుగుతుంది. అప్పటికే ఆమె తనకు అలవాటైన పద్ధతిలో ముఖమంతా కాంపాక్ట్ పౌడర్ రాసుకుని, కంటి కింది రెప్ప లోపల నల్లగా కాటుక దిద్దుకుని ఉంటుంది. పాతికేళ్ల వయసులో ఆమెకు చక్కగా నప్పిన ఆ పద్ధతే ఇప్పుడు కళ్ల కింద గీతలను ఎత్తి చూపిస్తుంది, కళ్లను చిన్నవిగా చేస్తుంది. ఆమె మాత్రం తన ముఖం పాడైపోయిందని అనుకుంటుంది. చర్మం మారింది కనుక దానిమీద వేసే వస్తువూ, వేసే చోటూ మారాలన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

నలభై దాటాక చర్మంలో నూనె ఊరడం తగ్గుతూ వస్తుంది, పైపొరలోని మృతకణాలు రాలిపోయే వేగమూ తగ్గుతుంది. ముట్లు ఆగిపోయే దశలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోవడంతో ఈ మార్పు ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. ముట్లు ఆగిన తరువాతి మొదటి 5 ఏళ్లలోనే చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ సుమారు 30 శాతం తగ్గుతుందని చర్మవైద్యులు చెబుతారు. అందువల్ల చర్మం పలుచబడి, పొడిబారి, తనమీద పడిన పొడిని గీతల్లోకి లాక్కుంటుంది. అయితే మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాలలో వయసు మొదట బయటపడేది ముడతల రూపంలో కాదు, రంగు తేడాల రూపంలో. చెంపల మీద మంగు మచ్చలు, కణతల దగ్గర, నోటి చుట్టూ ముదురు నీడ, కళ్ల కింద నలుపు ముందు వస్తాయి, ముడతలు ఆ తరువాత వస్తాయి. తెల్లటి చర్మం ఉన్నవారి కోసం రాసిన సలహాలు ముడతలు దాచడం చుట్టూనే తిరుగుతాయి కనుక వాటిని యథాతథంగా పాటిస్తే మనకు సగం పనే జరుగుతుంది. రంగును సమం చేయడం మనకు మొదటి పని, గీతలను పట్టించుకోవడం రెండవ పని.

అలంకరణకు ముందు చేసే సిద్ధతకే ఎక్కువ సమయం ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. సున్నిపిండితో ముఖం గరగరా రుద్దే అలవాటు ఉన్నవారు ఈ వయసులో దాన్ని ముఖం వరకైనా మానడం మంచిది; ఒంటికి వాడుకోవచ్చు. మేకప్ వేసుకోబోయే రోజున పసుపు కూడా ముఖానికి రాయకూడదు, ఎందుకంటే మిగిలిపోయిన పసుపు ఛాయ పైన వేసే ఫౌండేషన్ రంగును మార్చివేస్తుంది. నురుగు తక్కువగా వచ్చే ఫేస్‌వాష్‌తో కడిగి, తడి పూర్తిగా ఆరకముందే తేమను పట్టి ఉంచే గ్లిజరిన్ గానీ హయలురోనిక్ ఆమ్లం గానీ ఉన్న మాయిశ్చరైజర్ రాసి, 10 నిమిషాలు వదిలేయాలి. ఆ 10 నిమిషాలలో చీర కుచ్చిళ్లు సర్దుకోవచ్చు, జడ వేసుకోవచ్చు. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతపు ఉక్కలో పలుచని జెల్ మాయిశ్చరైజర్ సరిపోతుంది, కానీ రాత్రంతా ఏసీ నడిచే కల్యాణ మండపంలోనో ఆదిలాబాద్ చలికాలంలోనో చిక్కటి క్రీమ్ అవసరం.

పగటిపూట సన్‌స్క్రీన్ తప్పనిసరి. చర్మాన్ని కమిలించే కిరణాల నుంచి రక్షణను చూపే ఎస్‌పీఎఫ్ అంకె 30కి తగ్గకుండా, నల్లబరిచే కిరణాల నుంచి రక్షణను చూపే పీఏ గుర్తు పక్కన కనీసం మూడు ప్లస్‌లు ఉన్నదాన్ని చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలుగా పిండి, అంతా ముఖానికీ మెడకూ రాయాలి. బఠాణీ గింజంత రాసి ఊరుకుంటే సీసా మీద రాసిన రక్షణలో కొంత భాగమే అందుతుంది. మంగు ఉన్నవారికి ఇంకొక మాట: మంగును ముదిరేలా చేసేది అతినీలలోహిత కిరణాలు మాత్రమే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా. దాన్ని అడ్డుకునే శక్తి ఐరన్ ఆక్సైడ్ అనే రంగు పదార్థం కలిపిన, చర్మపు రంగులో ఉండే సన్‌స్క్రీన్‌కు ఉంటుంది. అది జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్‌లా తెల్లటి పూత మిగల్చదు, చర్మపు రంగును కొంత సమం కూడా చేస్తుంది. ఆఫీసుకో గుడికో వెళ్లే మామూలు రోజుల్లో దాని మీద వేరే ఫౌండేషన్ అవసరమే లేదు.

ఫౌండేషన్ వేయవలసిన రోజున దాన్ని ఎంచుకునే పద్ధతి గురించి చెప్పాలి. దుకాణంలో చేతి వెనుక భాగం మీద రాసి చూడటం వల్ల ప్రయోజనం లేదు, ఆ చర్మం వేరు. దవడ అంచు మీదుగా మెడ వైపు ఒక గీత గీసి, దుకాణం బయటికి వచ్చి పగటి వెలుగులో చూడాలి. వెంటనే నిర్ణయించుకోకుండా 10 నిమిషాలు ఆగాలి, ఎందుకంటే చాలా ఫౌండేషన్లు గాలి తగిలాక కాస్త ముదురుతాయి. తెల్లగా కనిపించాలన్న కోరికతో రెండు ఛాయలు లేతది కొంటే మన చర్మం మీద అది బూడిద పూసినట్టు కనిపిస్తుంది, వయసును ఇంకా పెంచుతుంది. ఎండకు ముఖం మెడకన్నా ముదిరి ఉంటే రెండింటికీ మధ్యస్థమైన ఛాయను తీసుకోవాలి. వేసేటప్పుడు ముఖమంతా సమానంగా పూయవలసిన పని లేదు. ముక్కు చుట్టూ, చెంపల మధ్య, గడ్డం మీద వేసి, నీటిలో తడిపి గట్టిగా పిండిన స్పాంజ్‌తో అంచుల వైపు అద్దుకుంటూ పోవాలి. రుద్దితే గీతల్లో పేరుకుంటుంది, అద్దితే చర్మం మీద నిలుస్తుంది. ముక్కు పక్కనుంచి నోటి కొసలదాకా దిగే గీత మీద చివరగా స్పాంజ్‌లో మిగిలినది మాత్రమే తగలాలి.

కళ్ల కింద నలుపును మచ్చలను కప్పే లేత రంగు కన్సీలర్‌తో నేరుగా కప్పబోతే నీలిబూడిద రంగు తేలుతుంది. ముందుగా, నలుపు ఛాయను విరిచే నారింజ రంగు కరెక్టర్‌ను, చర్మం బాగా లేతగా ఉంటే పీచ్ రంగుదాన్ని, చాలా పలుచగా ఉంగరపు వేలితో అద్ది, ఒక నిమిషం ఆగి, దాని మీద చర్మానికి సరిపోయే కన్సీలర్ వేయాలి. నారింజ రంగు నలుపులోని నీలాన్ని విరుస్తుంది. రెండింటినీ ముక్కు వైపు మూలలోనూ, పల్లంగా ఉన్న చోటా మాత్రమే పెట్టి, నవ్వినప్పుడు గీతలు పడే బయటి మూలను వదిలేయాలి. కళ్ల కింద ఉబ్బు ఉన్నవారు తరచు పొరబడతారు: ఉబ్బు మీద లేత రంగు వేస్తే అది ఇంకా ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది, కనుక ఆ ఉబ్బు కింద పడే నీడగీత మీద మాత్రమే సన్నని కుంచెతో వేయాలి. మంగు మచ్చలకు కూడా ఇదే కరెక్టర్ పనిచేస్తుంది, కానీ మచ్చ పూర్తిగా మాయమయ్యేదాకా పొరలు వేయడం నేను ఒప్పుకోను. సగం దాచితే చూసేవారి కంటికి అది ఆనదు, పూర్తిగా దాచబోతే ఆ చోట వేసిన పొర మందం అందరికీ కనిపిస్తుంది.

పౌడర్‌ను పూర్తిగా పారేయనవసరం లేదు. ముక్కుకు రెండు వైపులా, నుదుటి మధ్య, పై పెదవి మీద చిన్న కుంచెతో అద్దితే చాలు. ఫొటోలు ఉన్న సందర్భంలో సిలికా ఎక్కువగా ఉండే తెల్లటి పౌడర్‌ను వాడవద్దు, ఫ్లాష్ పడగానే అది వేసిన చోట్లు తెల్లగా మెరుస్తాయి.

ఇక కళ్లు. చత్వారం వచ్చాక కళ్లద్దాలు తీస్తే అద్దంలో ముఖం మసకగా కనిపిస్తుంది, పెట్టుకుంటే రెప్పలు అందవు. పెద్దదిగా చూపించే అద్దాన్ని కిటికీ ఎదురుగా పెట్టుకోవడమే దీనికి పరిష్కారం. ట్యూబ్‌లైటు కింద దిద్దుకున్న కళ్లు బయటి వెలుగులో వేరుగా కనిపిస్తాయి. ముట్లు ఆగిన తరువాత చాలామందిలో కళ్లు పొడిబారుతాయి, కనుక కింది రెప్ప లోపలి తడి అంచు మీద పెట్టే కాటుక మంట పుట్టిస్తుంది, నీరు కార్పిస్తుంది, మధ్యాహ్నానికి కిందికి జారి నల్లని వలయమవుతుంది. పైగా అక్కడి నల్లగీత కంటిని మూసివేసినట్టు చిన్నది చేస్తుంది. ఆ నలుపును పై రెప్ప వెంట్రుకల మొదళ్ల మధ్య చుక్కలు చుక్కలుగా పెన్సిల్‌తో నింపుకుంటే వెంట్రుకలు ఒత్తుగా, కన్ను తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. కాటుక లేకుండా ఉండలేమనేవారు కింది వెంట్రుకల బయట, బయటి మూడో వంతులో మాత్రం ముదురు గోధుమ రంగు గీత గీసి, వేలితో చెరపాలి. సుర్మా పేరుతో విడిగా అమ్మే పొడుల జోలికి పోవద్దు, వాటిలో కొన్నింట్లో సీసం ఉంటుంది.

పై రెప్ప కిందికి వాలినవారు కన్ను మూసి ఐషాడో వేసుకుంటే, తెరవగానే అది మడతలో మాయమవుతుంది. అద్దంలోకి సూటిగా, కనుబొమలు ఎత్తకుండా చూస్తూ, కనిపిస్తున్న మడతకు కాస్త పైన మెరుపు లేని గోధుమ రంగు వేయాలి. కళ్లద్దాలూ లెక్కలోకి వస్తాయి: దూరపు చూపుకోసం వాడే మైనస్ అద్దాలు కళ్లను చిన్నవిగా చూపుతాయి కనుక రంగు కొద్దిగా పెంచవచ్చు, ప్లస్ అద్దాలు పెద్దవిగా చూపుతాయి కనుక తప్పులు కూడా పెద్దవిగానే కనిపిస్తాయి. శుక్లాల శస్త్రచికిత్స అయినవారు డాక్టరు అనుమతించే వరకూ కంటికి ఏ రంగూ తాకించకూడదు. కనుబొమల విషయంలో ఏళ్ల తరబడి దారంతో తీయించుకున్నవారికి చివరలు పలుచబడి ఉంటాయి. వాటిని నల్లని పెన్సిల్‌తో ఒకే గీతగా కాకుండా, జుట్టు కన్నా ఒక ఛాయ లేతదైన పెన్సిల్‌తో వెంట్రుకల్లాంటి పొట్టి గీతలుగా నింపాలి.

చెంపల రంగును నవ్వి, ఉబ్బిన చోట వేసుకోవడం అందరూ నేర్చుకున్న పద్ధతి. యాభైలో అది పనికిరాదు, ఎందుకంటే నవ్వు ఆపగానే ఆ రంగు కిందికి దిగి ముఖాన్ని వేలాడదీస్తుంది. నవ్వకుండా చెంప ఎముక ఎక్కడుందో వేలితో తడిమి, దాని మీద, కణత వైపుగా క్రీమ్ బ్లష్ అద్దాలి. మన ఛాయకు లేత గులాబి కన్నా ఇటుక రంగు, పగడపు రంగు బాగా కలుస్తాయి.

పెదవులు పలుచబడి వాటి చుట్టూ సన్నని గీతలు పడతాయి, లిప్‌స్టిక్ ఆ గీతల వెంట పాకుతుంది. ముందుగా బామ్ రాసి, 5 నిమిషాల తరువాత తుడిచేసి, పెదవి రంగులోనే ఉన్న లైనర్‌తో పెదవి అంతా నింపి, దాని మీద క్రీమ్ లిప్‌స్టిక్ వేస్తే రంగు నిలుస్తుంది. ఆరిపోయే ద్రవరూపపు మ్యాట్ రంగులు పెదవులను పగిలినట్టు చూపుతాయి. లేత చర్మపు రంగులు నోటి చుట్టూ నీడ ఉన్నవారిని జబ్బుపడినట్టు చూపుతాయి. మెరూన్, తమలపాకు నమిలినట్టుండే ఎరుపు, ముదురు గులాబి నిర్భయంగా వాడుకోవచ్చు.

బొట్టు గురించి చెప్పకపోతే మన అలంకరణ పూర్తి కాదు. ఏళ్లుగా స్టిక్కర్లు పెట్టుకున్న చోట దురద పుట్టినా, తెల్లబడుతున్నట్టు అనిపించినా వెంటనే మానేయాలి. కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం అక్కడి రంగు కణాలను చంపుతుంది, ఆ తెల్లమచ్చ ఒక్కొక్కసారి పోదు కూడా. ఆ మచ్చను మరింత పెద్ద స్టిక్కర్‌తో కప్పుతున్నవారిని చూసినప్పుడు నాకు చాలా బాధ కలుగుతుంది. వారు చర్మవైద్యులను కలవాలి, ఆ లోగా ఆ చోట ఏ బొట్టూ పెట్టకపోవడం మేలు. అదే విధంగా, వారం రోజుల్లో తెల్లదనం ఇస్తుందని పొరుగువారు చెప్పిన క్రీములలో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. ముందు మెరుపు వచ్చి, తరువాత చర్మం పలుచనై, ఎర్రబడి, మానగానే మంట ఎత్తుకుంటుంది. అప్పటికే వాడుతున్నవారు హఠాత్తుగా మానకుండా డాక్టరు సలహాతో తగ్గించుకోవాలి. పాత పెట్టెలో దాచుకున్న, రెప్ప వెంట్రుకలకు వేసే మస్కారాను తెరిచిన 3 నెలలకు పారేయాలి.

తెల్లవారుజాము ముహూర్తాలకు అర్ధరాత్రి వేసుకున్న అలంకరణ తలంబ్రాల వేళకు జిడ్డుగానో పొడిగానో మారుతుంది. అప్పుడు దాని మీద మళ్లీ పౌడర్ వేయవద్దు. టిష్యూ కాగితాన్ని ముక్కుకూ నుదుటికీ ఆనించి నొక్కి, కళ్ల కింద పేరుకున్నదాన్ని శుభ్రమైన వేలికొసతో మెల్లగా సవరించి, చెంప ఎముకల మీద చిటికెడంత బామ్ అద్ది, లిప్‌స్టిక్ మళ్లీ ఒకసారి దిద్దుకుంటే, అప్పగింతల ఫొటోల వరకూ ముఖం తాజాగానే ఉంటుంది.