కళాశాల, ఊరి కళాప్రదర్శనలకు ప్రేక్షకులను ఎలా కూడగట్టాలి?

విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరానికి ఊళ్లకు ఊళ్లే తరలివస్తాయి. ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి రంగస్థలమెక్కింది ఈ పట్టణంలోనే. 1919లో ఇక్కడ వెలసిన విజయరామ గాన పాఠశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ఇటువంటి చోట విద్యార్థులు నాటకం వేసినా, తప్పెటగుళ్లు అనే జానపద నృత్యం ఆడించినా ముందు వరుసలో అతిథులు, వెనుక ఖాళీ కుర్చీలు కనిపిస్తున్నాయంటే, లోపాన్ని మన ఏర్పాట్లలోనే వెతకాలి. ఒకసారి వచ్చినవారు పిలవకపోయినా రెండోసారి రావాలి. ఏర్పాట్లన్నీ దాని కోసమే సాగాలి.

ముందుగా, ఎవరిని పిలవాలో పేర్లతో సహా రాసుకోండి. పదిహేనుమంది ఆడే నాటకమైతే ఒక్కొక్కరు తమ వీధి నుంచి ఐదు ఇళ్ల పేర్లు ఇవ్వాలి, ఆ ఇళ్లకు స్వయంగా వెళ్లి కరపత్రం చేతికివ్వాలి. వాట్సాప్‌లో పంపిన ప్రకటన జ్ఞాపకం చేయడానికి పనికివస్తుంది గాని, గుమ్మంలో నిలబడి “అమ్మా, శనివారం నేను వేషం కడుతున్నాను, మీరు తప్పక రావాలి” అని పిలిచే పిలుపుకు సాటిరాదు. ఘంటసాల ఇక్కడ సంగీత విద్యార్థిగా ఉన్నప్పుడు ఇంటింటా మాధుకరం చేసుకుని చదువుకున్నారు. కళ నేర్చుకునే పిల్లలకు అన్నం పెట్టిన ఆ గుమ్మాల ముందుకు ఆహ్వానంతో వెళ్లడానికి మన విద్యార్థులు సంకోచించనక్కరలేదు.

తేదీ ఎంపికలో తొందర వద్దు. మార్చిలో ఇంటర్ పరీక్షలు, వరి కోతల రోజుల్లో పొలం పనులు ఉంటాయి కనుక, పల్లెల నుంచి కళాకారుల దళాన్ని పిలిచేటప్పుడు వారి గురువును అడిగిన తరువాతే రోజు ఖాయం చేయాలి. నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి వైపు వెళ్లే చివరి బస్సు ఎన్ని గంటలకో ఆర్టీసీ కాంప్లెక్సులో కనుక్కుని, అంతకు అరగంట ముందే ప్రదర్శన ముగిసేలా చూడండి. వీలైతే ప్రతి నెలా ఒకే రోజు, ఉదాహరణకు మొదటి శనివారం, ఖాయం చేసుకోండి.

వేదిక విషయంలో పెద్ద హాలు కోసం ఆరాటపడకండి. వందమంది వస్తారనుకుంటే ఎనభై కుర్చీలే వేసి, మిగిలినవి పక్కన పేర్చి ఉంచి, అవసరమైనకొద్దీ తెప్పించడం మేలు. తప్పెటగుళ్లకైతే ఆరుబయట మైదానమే తగిన చోటు. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో గెంతులు వేసే ఆ దళాన్ని ఇరుకైన వేదికమీద నిలబెడితే ఆటకు ఊపిరి ఆడదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది సమయపాలన. ఆరు గంటలకని పిలిచి, ముఖ్య అతిథి కోసం ఏడు వరకు ఆగి, జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాల సన్మానాలు ముగిసేసరికి ఎనిమిది చేసిన ఒక కళాశాల కార్యక్రమాన్ని నేను చూశాను. అప్పటికే పసిపిల్లల తల్లులు, పల్లెలకు వెళ్లవలసినవారు లేచిపోయారు. ఎన్నో వారాలు సాధన చేసిన విద్యార్థులు సగం ఖాళీ హాలుకు ఆడవలసివచ్చింది. వారి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. కనుక ప్రకటించిన నిమిషానికే తెర లేపండి. సన్మానం తప్పనిసరైతే ప్రదర్శన మధ్య విరామంలో పది నిమిషాలకు మించకుండా జరిపించండి. ఈ సంగతి అతిథులకు పిలిచేటప్పుడే వినయంగా చెబితే దాదాపు అందరూ అర్థం చేసుకుంటారు.

కొత్తగా చూసేవారికి ప్రారంభంలో ఐదు నిమిషాల పరిచయం అవసరం. ఉత్తరాంధ్ర జానపద నృత్యనాటకమైన తూర్పు భాగవతంలో మద్దెల ఎంత ప్రధానమో ముందే చెప్పి, ఒక జతిని విడిగా వాయించి వినిపిస్తే, డిగ్రీ విద్యార్థులు కూడా తరువాత ఆ వాద్యం కోసం చెవులు రిక్కిస్తారు. ‘కన్యాశుల్కం’ వంటి పెద్ద నాటకమైతే ఒక పూటకు కొన్ని రంగాలే ఎంచుకుని, వాటికి ముందరి కథను క్లుప్తంగా చెప్పండి.

చివరగా, ద్వారం దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచి, ఇష్టపడినవారి పేరు, ఊరు, ఫోను నంబరు రాయించుకోండి. ప్రేక్షకులు లేవకముందే వచ్చే ప్రదర్శన తేదీని వేదికమీద నుంచి చెప్పించండి. మరునాడు నిర్వాహకులంతా కూర్చుని ఆ పుస్తకాన్ని పాత పేర్లతో పోల్చి, రెండోసారి వచ్చినవారిని గుర్తుపెట్టుకుని, వచ్చే నెల మొదటి ఆహ్వానం వారి ఇంటికే తీసుకువెళ్లండి.