తెలుగు పిల్లలకి ఇంట్లోనే ఇంగ్లీష్ ఫోనిక్స్ ఎలా నేర్పాలి?

చాలామంది పిల్లలు ఏ నుంచి జెడ్ దాకా గడగడా చెప్పేస్తారు, రైమ్స్ కూడా పాడేస్తారు, కానీ మూడక్షరాల కొత్త పదం ఒకటి ముందు పెడితే ఆగిపోతారు. వాళ్ళకి తెలిసినవి అక్షరాల పేర్లు, చదవడానికి కావాల్సినవి శబ్దాలు, ఆ శబ్దాలతో చదవడం నేర్పే పద్ధతే ఫోనిక్స్. సీ, ఏ, టీ అని ఎన్నిసార్లు అన్నా క్యాట్ అని రాదు కదా. నాలుగైదేళ్ళ పిల్లలకి రోజూ ఒక పది నిమిషాలు కూర్చోబెట్టి ఈ శబ్దాలు నేర్పితే చాలు, ఇంగ్లీష్ బాగా రాని తల్లిదండ్రులు కూడా చేయగలిగిన పనే ఇది.

ముందు పుస్తకం, అక్షరాలు ఏమీ వద్దు, చెవులకి పని చెప్పండి. ఇది తెలుగులోనే ఆడొచ్చు. పప్పు, పిల్లి, పులి, మూడింటికీ మొదట వచ్చే శబ్దం ఏంటి? "ప్" అని చెప్పాలి. వంట చేస్తూనో స్కూటర్ మీద వెళ్తూనో ఆడే ఆట ఇది. మాటలో మొదటి శబ్దం, చివరి శబ్దం విడిగా వినడం వచ్చాకే అక్షరాలు చూపించండి.

ఇప్పుడు అసలు విషయం. మన తెలుగు అక్షరాల్లో అచ్చు కలిసే ఉంటుంది, క అంటే క్ + అ. అందుకే మన పిల్లలు బీ అక్షరం చూడగానే "బ" అంటారు, టీ చూస్తే "ట" అంటారు, అవి కలిపితే బ్యాట్ రాదు, "బ-యా-ట" అని ఏదో వస్తుంది. పొల్లు హల్లు లాగా పలికించాలి, బ్, ట్, ప్, అంతే, తర్వాత అ వినపడకూడదు. స్, మ్, న్, ఫ్ లాంటివి సాగదీయొచ్చు, "స్స్స్" అని. ట్, ప్, క్ మాత్రం టక్కున ఆపేయాలి. ఇంకోటి, ఇంట్లో మనం బస్సు, పెన్ను, కప్పు అంటాం, చివర ఉ చేరుస్తాం, కాబట్టి కప్‌లో చివరి శబ్దం ఏంటంటే పిల్లలు "పు" అంటారు. దానికి కోప్పడొద్దు, ఇంట్లో రోజూ వింటున్నది అదే మరి, నెమ్మదిగా "క్ - అ - ప్" అని పెదాలు మూసి చూపించండి.

క్యాట్‌లో ఉన్న అచ్చు చాలామందికి కష్టం. మేక అని మామూలుగా మాట్లాడేటప్పుడు ఆ "మే" ఎలా పలుకుతామో గమనించండి, నోరు వెడల్పుగా తెరుచుకుంటుంది, ఆ శబ్దమే కాస్త పొట్టిగా అంటే సరిపోతుంది.

అక్షరాలు ఏ, బీ, సీ వరసలో వద్దు. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలతో మొదలుపెట్టండి, చాలా ఫోనిక్స్ పద్ధతుల్లో మొదటి గుంపు ఇదే, ఎందుకంటే ఈ ఆరుతోనే సిట్, పిన్, ట్యాప్, న్యాప్, టిన్, స్పిన్ అని బోలెడు పదాలు తయారవుతాయి. పాత పెళ్ళి పత్రికల అట్ట ముక్కల మీద చిన్న బడి అక్షరాలు పెద్దగా రాసుకోండి, పెద్ద బడి తర్వాత చూసుకోవచ్చు. పుస్తకాల్లో ఎక్కువ కనపడేది చిన్న బడే.

కలపడం ఇలా. ఎస్, ఐ, టీ ముక్కలు కాస్త దూరంగా పెట్టండి. వేలు ఎస్ మీద పెట్టి "స్స్స్" అంటూ ఆపకుండా ఐ మీదకి జరపండి, "స్స్సిఇఇ", తర్వాత "ట్". మధ్యలో గాలి ఆగితే పిల్లలకి ముక్కలుగానే ఉండిపోతుంది, పదం వినపడదు. గుణింతం వచ్చిన పిల్లలైతే స్ + ఇ = సి అని వెంటనే పట్టుకుంటారు, ఇది మన పిల్లలకి ఉన్న పెద్ద సౌకర్యం, వాడుకోండి. చదివిన పదాన్నే తర్వాత విడగొట్టి రాయించండి, ఒక్కో శబ్దానికి ఒక్కో వేలు మడుస్తూ.

మిగతా అక్షరాలు కూడా వచ్చాక ఎస్ హెచ్ కలిస్తే ష్, సీ హెచ్ కలిస్తే చ్ అని చెప్పండి. ఆ తర్వాత పదం చివర ఇంగ్లీష్ అక్షరం ఈ (e) చేరితే ట్యాప్ టేప్ అవుతుంది, పిన్ పైన్ అవుతుంది, కిట్ కైట్ అవుతుంది, ఇది పిల్లలకి మహా సరదా. ది, వాజ్, సెడ్ లాంటివి రూల్‌కి పూర్తిగా లొంగవు, వారానికి రెండు మూడు చొప్పున చూసి గుర్తుపెట్టుకోమనండి.

బొమ్మ చూసి ఊహించి చెప్పడం మాత్రం అలవాటు చేయొద్దు. గుర్రం బొమ్మ కింద పోనీ అని ఉంటే హార్స్ అని చదివేసే పిల్లలున్నారు, అప్పుడు బొమ్మని చేత్తో మూసి అక్షరాలు చూపించండి. నిజంగా చదువుతున్నారా, బట్టీ పట్టారా అని తెలియాలంటే మిబ్, టెబ్, నిస్ అని అర్థం లేని పదాలు రాసి చదివించండి, ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో తరగతి వయసు పిల్లలకి పెట్టే ఫోనిక్స్ పరీక్షలో 40 పదాలుంటే సగం ఇలాంటివే.

బీ, డీ తారుమారు చేయడం ఆరేడేళ్ళ దాకా మామూలే. కానీ నెలల తరబడి నేర్పినా మాటలో మొదటి శబ్దం కూడా విడిగా పట్టుకోలేకపోతుంటే ముందు ఒకసారి చెవుల డాక్టర్ దగ్గర వినికిడి చూపించండి, జలుబులు చేసి చెవిలో నీరు చేరిన పిల్లలకి స్, ఫ్, ట్ లాంటి మెత్తటి శబ్దాలు సరిగా వినపడకపోవచ్చు.