పాత కంప్యూటర్, కొత్త టీవీ – 3వ పాఠం: కమోడోర్ 64కి ఎస్-వీడియో కేబుల్

పవర్ సప్లై 5 వోల్టులు సరిగ్గా ఇస్తోందో లేదో గత పాఠంలో మీటరు పెట్టి చూశాం. ఆ పని ఇంకా చేయనివాళ్లు ముందు అది కానివ్వండి. పాత సప్లై పాడైతే వోల్టేజి పెరిగి చిప్పులే కాలిపోతాయి.

చాలామంది పాత సిగ్నల్‌ని కొత్త టీవీకి పనికొచ్చేలా మార్చే హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కొనడంతో మొదలుపెడతారు. నన్నడిగితే ముందు కేబుల్ సంగతి చూడాలి. కంప్యూటర్ నుంచే మసక సిగ్నల్ వస్తుంటే కన్వర్టర్ ఎంత ఖరీదైనదైనా దాన్ని బాగుచేయలేదు.

1982 నాటి ఈ మెషిన్ నుంచి బొమ్మ మూడు దారుల్లో వస్తుంది. యాంటెన్నా దారిని వదిలేయండి. కాంపోజిట్‌లో వెలుగు, రంగు ఒకే తీగలో కలిసి వస్తాయి. టీవీ వాటిని పూర్తిగా విడదీయలేదు కాబట్టే అక్షరాల అంచుల్లో చుక్కలు పాకుతుంటాయి. ఎస్-వీడియోలో వెలుగుకు లూమా, రంగుకు క్రోమా అని రెండు వేరే తీగలుంటాయి. మనకు కావలసింది ఇదే.

వెనక గుండ్రటి సాకెట్‌లో రంధ్రాలు లెక్కపెట్టండి. ఐదే ఉంటే అది తొలినాటి మోడల్, అందులో క్రోమా విడిగా రాదు. ఎనిమిది ఉంటే 262 డిగ్రీల వంపులో పిన్నులున్న డిన్ ప్లగ్ (గుండ్రటి ప్లగ్ రకం) తెచ్చుకోండి. 270 డిగ్రీలదీ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ సరిగ్గా కూర్చోదు.

డిన్ ప్లగ్‌లో 1 లూమా, 2 గ్రౌండ్, 3 సౌండ్, 6 క్రోమా. ఎస్-వీడియో ప్లగ్‌లో 3 లూమా, 4 క్రోమా, 1, 2 రెండూ గ్రౌండ్. పిన్ నంబర్లు వరుసగా ఉండవు, పైగా సాకెట్ బొమ్మకు ప్లగ్ వెనకవైపు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుందేమోనన్న టెన్షన్ ఒకటి. ప్లగ్ మీద పిన్ను పక్కనే అచ్చైన చిన్న అంకెల్నే నమ్మండి.

క్రోమా తీగను నేరుగా కలపకండి, మధ్యలో 300 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ఈ మెషిన్ రంగు సిగ్నల్‌ని నేటి టీవీలు ఆశించేదానికన్నా గట్టిగా పంపుతుంది. రెసిస్టర్ లేకపోతే రంగులు ముదిరిపోయి, తెర మీద సన్నటి గళ్లు కనిపిస్తాయి. ప్లగ్ తొడుగులోనే అది పడుతుంది, పైన స్లీవ్ వేస్తే చాలు.

మెషిన్‌కి పెట్టేముందు, గ్రౌండ్ పిన్నులు తప్ప మిగతా ఏ రెండు పిన్నులూ షార్ట్ కాలేదని మీటరుతో చూసుకోండి. ఆన్ చేస్తే నీలం తెర మీద 38911 బైట్లు ఖాళీ అన్న సందేశం రావాలి. బొమ్మ స్పష్టంగా ఉండి నలుపు తెలుపులో వస్తే 6వ పిన్ను టంకం మళ్లీ చూడండి. మెమరీలో 53281 చిరునామాకు పోక్ కమాండ్‌తో 2 పంపితే (POKE 53281,2) చుట్టూ అంచు తప్ప తెరంతా ఎరుపవుతుంది. రంగులో గళ్లుంటే అక్కడే బయటపడతాయి.

కన్వర్టర్‌లో బొమ్మ నిష్పత్తి 4:3కి మార్చండి. మీది పాల్ (PAL, 50 హెర్ట్జ్ టీవీ పద్ధతి) మెషిన్ అయితే అవుట్‌పుట్ 50 హెర్ట్జ్ ఉంచండి, 60కి పెడితే ఆటల్లో స్క్రోలింగ్ కుదుపులతో సాగుతుంది.

వచ్చే పాఠంలో అమిగా 500 ఆర్‌జీబీ పోర్టు.