మతిస్థిమితం అనే మాట పుట్టుక ఎలా వెతకాలి

ముందు మాటని విడగొట్టండి, మతి ఒకటి, స్థిమితం ఒకటి. మతి ఈజీనే, సంస్కృతంలో మన్ అనే ధాతువు, ఆలోచించడం అని అర్థం, మనసు, మననం, మంత్రం అన్నీ దాని చుట్టాలే.

అసలు సంగతంతా స్థిమితం దగ్గరుంది. డిక్షనరీలో స్థి కింద దొరక్కపోతే వదిలేయకండి, స్తి కింద చూడండి, ఎందుకంటే సంస్కృతంలో రూపం స్తిమితం, దానికి తడిసినది అనీ కదలకుండా ఉన్నది అనీ రెండర్థాలు, నాకైతే గాలి లేనప్పుడు చెరువు నీళ్ళు ఎలా ఉంటాయో అదే కళ్ళముందుకొస్తుంది, ఎంత అందమైన మాటో చూడండి. స్థిరం, స్థానం లాంటి మాటల పక్కన ఉండి ఉండి మన నోట్లో థ అయిపోయిందని నా అభిప్రాయం.

తర్వాత ఇంట్లో ఎలా వాడతారో వినండి. "కాస్త స్థిమితపడనీరా", "స్థిమితంగా కూర్చుని తిను" అంటారు కదా, అందులో జబ్బు ఊసే లేదు.

పక్కన స్వస్థత కూడా పెట్టి చూడండి, స్వ అంటే తను, స్థ అంటే నిలిచి ఉండేది, తనలో తాను నిలబడటం అన్నమాట. సుశ్రుత సంహితలో స్వస్థుడి లక్షణాల్లో మనసు ప్రసన్నంగా ఉండటం కూడా చెప్పారు. మతిస్థిమితానికి ఇంగ్లీష్ మాట శానిటీ అయితే లాటిన్ సానుస్ నుంచి, ఆరోగ్యంగా ఉన్న అని.

ఇక రాసేటప్పుడు, దయచేసి ఎవర్నీ "మతిస్థిమితం లేనివాడు" అనకండి, మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి అని రాయండి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉన్నదీ అదే.