ఏడాది దాటినా కక్కడం ఆగకపోతే: పసిపిల్లల యాసిడ్ రిఫ్లక్స్, సమస్య - పరిష్కారం

“పెరిగితే అదే పోతుంది.” నెలల బిడ్డ పాలు కక్కినప్పుడల్లా ఇంట్లో పెద్దవాళ్ళు అనే ఈ మాట నిజమే. కాకపోతే ఎప్పటికి పోతుందో ఎవరూ చెప్పరు. కక్కడం నాలుగో నెల ప్రాంతంలో బాగా ఎక్కువగా ఉంటుంది. కూర్చోవడం, గట్టి ఆహారం తినడం మొదలయ్యాక తగ్గుతూ వచ్చి, ఏడాది నిండేసరికి చాలామందిలో ఆగిపోతుంది. ఏడాదిన్నరకు దాదాపు అందరిలోనూ ఆగుతుంది. ఆ వయసు దాటినా రోజూ కక్కుతుంటే, లేదా ఆరు నెలలు నిండాక కొత్తగా మొదలైతే, పాత మాటతో సరిపెట్టుకోకూడదు. ఉత్తర అమెరికా, ఐరోపా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు 2018లో కలిసి విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ఏడాది దాటాక వేరే కారణం ఉందేమో వెతకమనే చెబుతున్నాయి.

అసలు లోపల జరిగేది ఇది. అన్నవాహిక కడుపుతో కలిసే చోట ఒక కండరం ముడిలా బిగిసి ఉంటుంది. మింగినప్పుడు సడలి, మళ్ళీ బిగుస్తుంది. ఏమీ మింగకపోయినా అప్పుడప్పుడు కొన్ని సెకన్లు సడలుతుంది. మనకు తేనుపు వచ్చేది అలాగే. ఆ కాసేపట్లో కడుపు నిండుగా ఉంటే లోపలిది పైకి తన్నుకొస్తుంది. దీన్నే రిఫ్లక్స్ అంటారు. “వీడికి ఆ కండరం బలహీనం” అని దిగులుపడేవారు చాలామంది. పిల్లల్లో ఎక్కువగా కనబడేది బలహీనత కాదు, వేళకాని వేళ సడలడం. కడుపు ఉబ్బేకొద్దీ అది తరచవుతుంది. కింద చెప్పబోయే పరిష్కారాల్లో సగం ఈ ఉబ్బు చుట్టూనే తిరుగుతాయి.

ఏదైనా మార్చే ముందు ఒక వారం పాటు నోటుపుస్తకంలో రాయండి. ఏ వేళకు ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎంతసేపటికి కక్కింది, రంగేమిటి, ముందు దగ్గు వచ్చిందా వాంతి వచ్చిందా, విరేచనం ఎప్పుడైంది. డాక్టరు గదిలో “రోజూ కక్కుతోందండీ” అనే ఒక్క వాక్యం కంటే ఈ ఏడు పేజీలు ఎక్కువ పనిచేస్తాయి.

ఇవి కనబడితే ఇంటి వైద్యం వద్దు

ఆకుపచ్చ వాంతి, రక్తం చారలున్న వాంతి, కాఫీపొడి రంగు వాంతి, పొట్ట ఉబ్బి గట్టిపడటం, మగతగా పడి ఉండటం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆకుపచ్చ రంగు పేగుకు అడ్డం పడిందనడానికి గుర్తు కావచ్చు. తెల్లవారుజామున తలనొప్పితో వాంతి రావడం, నడక తూలడం, తల చుట్టుకొలత వేగంగా పెరగడం కడుపుకు సంబంధించినవి కాకపోవచ్చు. బరువు తగ్గుతున్నా, తిన్నది గొంతులో ఇరుక్కుంటున్నా ఆలస్యం చేయకూడదు.

ఇంకొకటి ఉంది, చాలామందికి తట్టదు. నిన్నటిదాకా బాగున్న బిడ్డ ఉన్నట్టుండి చొంగ కారుస్తూ, ఏమీ మింగలేకపోతుంటే అది రిఫ్లక్స్ అనుకోకండి. బొమ్మలోనిదో రిమోటులోనిదో గుండ్రటి బటన్ బ్యాటరీ మింగి ఉండవచ్చు. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కండను కాల్చేస్తుంది. అనుమానం చాలు, బయలుదేరడానికి.

సమస్య: తిన్న కాసేపటికే కక్కుతుంది, ఆ వెంటనే నవ్వుతూ ఆడుకుంటుంది

బరువు బాగా పెరుగుతూ, నొప్పి ఏమీ లేకుండా ఇలా జరుగుతుంటే కారణం చాలాసార్లు కొలతే. ఈ వయసు పిల్లలు భోజనం చేస్తూనే సీసాలో పాలు కూడా తాగుతుంటారు. భోజనానికి ముందొక గ్లాసు, తర్వాతొక గ్లాసు, మధ్యలో పళ్ళరసం. ఇంత ద్రవం పడ్డ కడుపు పొంగక ఏం చేస్తుంది?

ఏడాది నుంచి మూడేళ్ళ మధ్య పాలు రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు సరిపోతాయి, 700 దాటనివ్వకండి. ఎక్కువైతే కక్కడంతో పాటు ఇనుము లోపం, మలబద్ధకం కూడా వస్తాయి. పళ్ళరసం ఈ వయసులో రోజుకు 120 మిల్లీలీటర్లకు మించకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2017లో చెప్పింది. అసలు ఇవ్వకపోయినా నష్టం లేదు. సీసా మాన్పించి కప్పు అలవాటు చేయండి. మూడు పెద్ద పూటలను అయిదారు చిన్న పూటలుగా విడగొట్టండి. పాలు, నీళ్ళు భోజనంతో కలిపి కాకుండా మధ్య వేళల్లో ఇవ్వండి. తిన్న తర్వాత అరగంట సేపు ఎగరేసి ఆడించడం, పొట్ట మీద బిగుతు నాడాలు కట్టడం మానితే చాలు. ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది.

సమస్య: రాత్రి పడుకున్న గంటకు దగ్గు, ఏడుస్తూ లేవడం, పొద్దున పుల్లటి వాసన

నిద్రలో మింగడం తగ్గుతుంది, లాలాజలం ఊరడమూ తగ్గుతుంది. పైకి వచ్చిన ఆమ్లాన్ని కడిగి కిందికి పంపేది ఆ రెండే. పడుకునే ముందు పాలసీసా పట్టే అలవాటు దీన్ని రెట్టింపు చేస్తుంది. పాలు తాగుతూ నిద్రపోయే బిడ్డ చేతిలోంచి సీసా తీసేయడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకే తెలుసు. అందుకే ఒక్కసారిగా కాకుండా రోజుకు కొంత తగ్గిస్తూ, ఆ సీసాను పడకకు గంట ముందుకు, ఆ పైన రెండు గంటల ముందుకు జరపండి. పళ్ళు పుచ్చకుండా ఉండటం అదనపు లాభం.

ఎత్తు దిండ్లు పెట్టకండి. దిండు మీద తల మాత్రమే లేచి, నడుము దగ్గర పొట్ట ముడుచుకుంటుంది. ఏడాది లోపు బిడ్డను రిఫ్లక్స్ ఉన్నా సరే వెల్లకిలా, చదును పరుపు మీదే పడుకోబెట్టాలి. వాలుగా ఉండే శిశు పడకల్లో పిల్లలు ఊపిరాడక చనిపోవడంతో అమెరికా 2022లో వాటి అమ్మకాన్ని చట్టంతో నిషేధించింది.

రాత్రి దగ్గు ఒక్కటే ఉండి, కక్కడం, మంట, తిండి మానడం ఏవీ లేకపోతే రిఫ్లక్స్ మీద తప్పు వేయడానికి తొందరపడకండి. ఉబ్బసమో, ముక్కు వెనక కారే జలుబో కావచ్చు. దగ్గు ఒక్కదాని కోసం ఆమ్లం తగ్గించే మందు వాడవద్దని పైన చెప్పిన మార్గదర్శకాలే అంటున్నాయి. దగ్గి దగ్గి చివరికి వాంతి చేసుకోవడం ఈ వయసులో మామూలే. నోటుపుస్తకంలో “ముందు దగ్గు” అని ఉంటే ఊపిరితిత్తుల వైపు చూడాలి.

సమస్య: తిండి చూడగానే ముఖం తిప్పుకుంటుంది, బుగ్గన పెట్టుకుని గంటసేపు మింగదు

తల్లిదండ్రులను అన్నిటికంటే ఎక్కువ అలసిపోయేలా చేసేది ఇదే. దీనికి కారణాలు మూడు, మూడింటికీ దారులు వేరు.

మొదటిది, ఇప్పుడు నిజంగానే మంట ఉండటం. రెండు ముద్దలు ఆకలిగా తిని, మూడో ముద్దకు ఒళ్ళు విల్లులా వెనక్కి వంచి ఏడుస్తుంది. ఈ వయసులో “ఛాతీలో మంట” అని చెప్పలేరు. పొట్ట చూపిస్తారు, లేదా “కారం” అంటారు. ఇక్కడ డాక్టరు మందు రాయడం సబబే.

రెండోది, మంట ఎప్పుడో తగ్గినా భయం మిగలడం. నెలల తరబడి తిండి అంటే నొప్పి అని నేర్చుకున్న బిడ్డ, నొప్పి పోయిన మర్నాడే దాన్ని మరిచిపోదు. పైగా బరువు తగ్గుతుందన్న కంగారులో మనం వెంటపడి, బొమ్మలు చూపించి, నోరు తెరవగానే కుక్కుతాం. మా ఇంట్లో ఆరు వారాలు ఇదే చేశాం. మందు పనిచేస్తోంది, మంట తగ్గింది, తినడం మాత్రం లేదు. మేము కుక్కడం మానేశాకే తినడం మొదలైంది. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి, ఎంత తినాలో బిడ్డకు వదిలేయాలి. ఇరవై, ముప్ఫై నిమిషాల్లో కంచం తీసేయండి. తిన్నా తినకపోయినా ముఖంలో మార్పు కనబడకూడదు. చెప్పినంత తేలిక కాదు. నెల గడిచినా కదలిక లేకపోతే పిల్లలకు తినడం నేర్పే థెరపిస్టులు ఉంటారు, వారి సాయం తీసుకోండి.

మూడోది ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. పేరు నోరు తిరగదు గానీ తెలుసుకోవలసిన పేరు. అలర్జీ వల్ల అన్నవాహిక గోడలో ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు పోగుపడి వాపు వస్తుంది. చూడటానికి అచ్చం రిఫ్లక్స్‌లాగే ఉంటుంది. మెత్తటిది మాత్రమే తినడం, ప్రతి ముద్దకూ నీళ్ళు అడగడం, ముక్క తగలగానే డోకు రావడం, ఇంట్లో ఉబ్బసం, తామర (ఎగ్జిమా) ఉండటం ఆనవాళ్ళు. ఎండోస్కోపీ చేసి, అంటే కెమెరా ఉన్న గొట్టాన్ని నోటిలోంచి పంపి, అన్నవాహిక గోడ నుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప ఇది తేలదు. అన్నవాహిక పైకి మామూలుగా కనిపించినా ముక్కలు తీయాల్సిందే.

సమస్య: కక్కడంతో పాటు ఒంటి మీద తామర, విరేచనంలో జిగురు లేదా రక్తపు చార

ఆవుపాల ప్రొటీన్ అలర్జీని అనుమానించాలి. డాక్టరుకు చెప్పి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, వెన్న, పాలపొడి కలిసిన బిస్కట్లు పూర్తిగా మాన్పించి చూడండి. గేదె, మేక పాలకు మారడం ప్రయోగం కాదు. వాటి ప్రొటీన్లు ఆవుపాల వాటికి బాగా దగ్గర, కాబట్టి అలర్జీ అలాగే ఉంటుంది. తగ్గితే అక్కడితో ఆగకుండా, డాక్టరు సలహాతో పాలు మళ్ళీ ఇచ్చి చూడాలి. తిరిగి మొదలైతేనే కారణం పాలని ఖాయం. ఈ రెండో అడుగు దాటేసి, ఏ కారణమూ లేకుండా ఏళ్ళ తరబడి పాలకు దూరమైన పిల్లలు ఉన్నారు. పాలు మాన్పిస్తే కాల్షియం ఎక్కడి నుంచి వస్తుందో ముందే అనుకోండి.

సమస్య: నాలుగు రోజులకోసారి విరేచనం, పొట్ట బిగువు, ఆ రోజుల్లో కక్కడం ఎక్కువ

మలబద్ధకానికి వైద్యం చేయండి, రిఫ్లక్స్ సగం తగ్గవచ్చు. కింద దారి మూసుకుంటే పైన పొంగుతుంది. పాలు తగ్గించడం, పీచు, నీళ్ళు, అవసరమైతే డాక్టరు రాసే మెత్తబరిచే మందు. ఆ మందు వారంలో ఆపేయకూడదు, నెలల పాటు పట్టవచ్చు.

సమస్య: మందు వేస్తున్నా కక్కుతూనే ఉంది

ఒమెప్రజోల్ వంటి మందులు ఆమ్లాన్ని తగ్గిస్తాయి, కక్కడాన్ని ఆపవు. మంట పోయి కక్కడం మిగిలితే మందు తన పని తాను చేసినట్టే. మంట కూడా తగ్గకపోతే ముందు ఇచ్చే పద్ధతి చూసుకోండి. తినడానికి అరగంట ముందు, రోజూ ఒకే వేళకు ఇవ్వాలి. గుళికలోని పూసలను నలపకూడదు. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది, కాబట్టి ఆరు నెలల కిందటి చీటీ ఇప్పటికి చాలదు. పాత చీటీలో రానిటిడిన్ అనే ఆమ్లం తగ్గించే మందు ఉంటే వాడకండి. క్యాన్సర్ కారకం కాగల మలినం కనబడటంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో దాన్ని మార్కెట్టు నుంచి తీయించింది. అదే తరహా మందు ఫామోటిడిన్ పనిచేస్తుంది గానీ కొన్ని వారాలకు శరీరం దానికి అలవాటుపడుతుంది.

నాలుగు నుంచి ఎనిమిది వారాలు సరిగ్గా ఇచ్చినా మార్పు లేకపోతే మోతాదు పెంచుకుంటూ పోవడం కాదు, పిల్లల జీర్ణకోశ నిపుణుల దగ్గరకు వెళ్ళాలి. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి ఇరవైనాలుగు గంటలు పైకొచ్చే ఆమ్లాన్ని కొలిచే పరీక్ష, ఎండోస్కోపీ వారు నిర్ణయిస్తారు. బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే పేగు మెలిక వంటి నిర్మాణ లోపాలకే, రిఫ్లక్స్ ఉందో లేదో అది తేల్చదు.

సమస్య: మందు ఆపగానే మళ్ళీ మొదలైంది

ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్ళు ఆమ్లం ముందుకంటే ఎక్కువగా ఊరుతుంది. దాన్ని జబ్బు తిరగబెట్టడం అనుకుని మళ్ళీ మొదలుపెట్టి, సంవత్సరాలు వాడేవారున్నారు. ఎక్కువకాలం వాడితే పేగు ఇన్ఫెక్షన్లు, న్యుమోనియా ముప్పు కొంత పెరుగుతుంది. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించి, రెండు మూడు వారాలు ఓపిక పట్టి చూడండి.

చివరికి పోతుందా?

ఆరోగ్యంగా ఎదుగుతూ, కేవలం పాలు, వేళలు, మలబద్ధకం వల్ల కక్కుతున్న బిడ్డకు చాలావరకు పోతుంది. పాల అలర్జీ కూడా ఎక్కువమందిలో బడి వయసుకు తగ్గిపోతుంది. ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అలా పోదు, దానికి దీర్ఘకాల వైద్యం అవసరం. అన్నవాహిక ఆపరేషన్ జరిగినవారిలో, హయేటల్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) ఉన్నవారిలో, సెరిబ్రల్ పాల్సీ వంటి నరాల సమస్యలున్నవారిలో రిఫ్లక్స్ పెద్దయ్యాకా ఉండవచ్చు. వారిలో కొందరికే శస్త్రచికిత్స దాకా వెళ్ళాల్సి వస్తుంది.

పోయిందని తెలిసేది మందు, నియమాలు తగ్గించాకే. అందుకే మూడు నెలలకోసారి ఒక్కో నియమాన్ని సడలించి చూడండి. ఆ తర్వాత జలుబు చేసినప్పుడు రెండు రోజులు కక్కితే కంగారు వద్దు. జలుబు తగ్గి వారమైనా ఆగకపోతే నోటుపుస్తకం మళ్ళీ తీయండి.