మట్టిల్లు మన చేతులతో – 3వ పాఠం: గోడకు ముందు మట్టి పరీక్ష

కిందటి పాఠంలో పునాది తీసి, నేల మీద రెండడుగుల ఎత్తు రాతికట్టు దాకా వచ్చాం. ఇక గోడ. ఇక్కడికి రాగానే ఎవరైనా అడిగేది ఒకటే: మట్టి ఎంత, ఇసుక ఎంత, గడ్డి ఎంత? ఆ లెక్క ముందే చెప్పడం నాకు ఇష్టం లేదు. సిమెంటు బస్తా ఏ ఊళ్లో కొన్నా దాదాపు ఒకేలా ఉంటుంది. మట్టి అలా కాదు, ఒక్కోసారి పొలం గట్టు దాటితేనే మారిపోతుంది. పాలమూరు ఎర్ర చెల్కకు కుదిరిన పాళ్లు గుంటూరు నల్లరేగడికి వాడితే, తడి ఆరకముందే గోడ నెర్రెలు బారుతుంది. అందుకని ఈ పాఠమంతా ఒక్క పని మీదే: మీ మట్టి ఎలాంటిదో మీ చేతులతో మీరే తేల్చుకోవడం.

మట్టిలో మనకు పనికొచ్చేవి ఇసుక, బంక. గట్టిదనం ఇసుకది, పట్టు బంకది. ఈ రెంటికీ మధ్య సైజులో ఉండే సన్నని ఒండ్రు కొంత ఉన్నా ఫరవాలేదు, ఎక్కువైతే గోడ బలహీనపడుతుంది. పగుళ్లకు కారణం బంకే. తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. నల్లరేగడిలో ఈ గుణం మరీ ఎక్కువ కాబట్టి దాన్ని ఒంటరిగా గోడకు వాడొద్దు. పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కొద్దిగా సిమెంటు కలిపి ప్రెస్‌లో నొక్కి చేసే మట్టి ఇటుకలకు మంచి మట్టి అంటే కంకర 15, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20 శాతం అని చెబుతారు. మనం చేసేది సిమెంటు లేని పచ్చి ఇటుక. అయినా ఆ పాళ్లు మనసులో పెట్టుకుంటే మీ మట్టి ఎటువైపు మొగ్గుతోందో తెలుస్తుంది.

మట్టి ఎక్కడ తీయాలి

పైన ఉండే అడుగు, అడుగున్నర మట్టిని పక్కకు తీసేయండి. అందులో వేళ్లు, కుళ్లిన ఆకులు ఉంటాయి. అది మొక్కలకు బంగారం, గోడకు చేటు. దాని కింది మట్టిని చేతిలోకి తీసుకుని కాస్త తడిపి వాసన చూడండి. బూజు వాసన వస్తే ఇంకా లోతుకు వెళ్లండి. చెరువు పూడిక మట్టి కూడా ఈ కోవలోదే, దాన్ని పొలానికే తోలుకోండి. ఎండాకాలంలో పైన తెల్లగా పొడి తేలే చవుడు నేల అయితే గోడల జోలికి తీసుకురాకండి. ఆ ఉప్పు తర్వాత పూతను రాలగొడుతుంది.

తవ్వకుండానే దొరికే మట్టి ఇంకొకటి ఉంది. మీ చుట్టుపక్కల ఎక్కడైనా పాత మట్టిమిద్దె పడగొడుతుంటే జేసీబీ ఎత్తిపోసేలోపు వెళ్లండి. దర్వాజాలు, దూలాలు, గూన పెంకులు అందరూ అడుగుతారు. గోడ మట్టిని మాత్రం ఎవరూ అడగరు, తీసుకెళ్లి ఏ గుంతలోనో పోస్తారు. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కాల్చని, సిమెంటు కలవని మట్టి నానబెడితే మళ్లీ కొత్త గోడకు పనికొస్తుంది. పైగా దాని పాళ్లు ఆ ఊరి పెద్దవాళ్లు ఎప్పుడో కుదిర్చిపెట్టినవి. గోడ అడుగున తెల్లగా ఉప్పు పట్టి పొడి రాలే భాగాన్ని వదిలేసి, పై మట్టిని అరంగుళం జాలీలో జల్లించండి. పాత గడ్డి, ఎవరో మధ్యలో పూసిన సిమెంటు పెచ్చులు చాలావరకు పోతాయి. దీనికి కూడా కింది పరీక్షలన్నీ చేయాల్సిందే.

సీసా పరీక్ష

నిలువుగా ఉండే లీటరు గాజు సీసాలో మూడో వంతు పొడిమట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదపండి. గంట ఆగి మళ్లీ కుదిపి, కదిలించకుండా పెట్టండి. ఒక నిమిషంలో అడుగున పేరుకున్నది ఇసుక, గీత పెట్టండి. రెండు గంటలకు దాని మీద చేరేది ఒండ్రు. మర్నాటికి పైన మెత్తగా తేరేది బంక. స్కేలుతో కొలవండి. ఒక జాగ్రత్త: నీళ్లలో ఉబ్బి ఉంటుంది కాబట్టి బంక ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ సీసా ఒక అంచనా ఇస్తుంది, అంతే.

చుట్ట పరీక్ష

నాకు బాగా నమ్మకమైనది ఇది. జల్లించిన మట్టిని చపాతీ పిండిలా తడిపి, అరగంట నాననిచ్చి, మళ్లీ పిసకండి. 3 సెంటీమీటర్ల మందం, 20 సెంటీమీటర్ల పొడవుండే చుట్ట చేయండి. దాన్ని బల్ల మీద పెట్టి, అంచు దాటేలా మెల్లగా ముందుకు తోయండి. బయటికొచ్చిన ముక్క బరువుకు వంగుతుంది, పైభాగాన సన్నటి చీలిక మొదలవుతుంది, ఉన్నట్టుండి తెగి పడుతుంది. ఆ పడిన ముక్కను కొలవండి. 5 సెంటీమీటర్లలోపే తెగితే ఇసుక ఎక్కువ. 5 నుంచి 15 మధ్యయితే పనికొచ్చే మట్టి. 15 దాటినా తెగకుండా వేలాడుతుంటే బంక ఎక్కువ. మూడు నాలుగు సార్లు చేసి సగటు తీసుకోండి, ఎందుకంటే నీళ్లు కాస్త అటూఇటూ అయినా ఫలితం మారుతుంది.

ఉండల పరీక్ష

మట్టి ఇళ్లు భూకంపానికి తట్టుకునేలా కట్టడం గురించి మన దేశ ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ 13827, 1993లో వచ్చింది. మట్టి ఇల్లంటే లేనివాళ్ల ఇల్లు అని చులకన చేసేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. అందులోదే ఈ పరీక్ష. 2 సెంటీమీటర్ల ఉండలు అయిదారు చేసి 48 గంటలు ఆరనివ్వండి. తర్వాత బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. ఒక్కటీ చిట్లకపోతే పట్టుకు సరిపడా బంక ఉన్నట్టే. చిట్లితే బంకమన్ను కలపాలి, పుట్టమన్ను దొరికితే ఇంకా మంచిది.

పెట్టె పరీక్ష

60 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 4 లోతు ఉండే చెక్కపెట్టె చేయించుకోండి, పాత చెక్కలు చాలు. లోపల నూనె రాసి, తడిమట్టిని గాలి సందు లేకుండా కూరి, నీడలో వారం ఆరబెట్టండి. ఆరాక మట్టినంతా ఒక కొసకు జరిపి, రెండో కొసలో ఎంత ఖాళీ వచ్చిందో చూడండి. 2 సెంటీమీటర్లలోపు అయితే దిగులు లేదు. అంతకు మించితే ఇసుక పెంచాలి.

ఇసుక అనగానే నది ఇసుక లారీకి ఫోన్ చేయకండి. కూల్చిన ఇళ్ల ఇటుక ముక్కల్ని దంచి జల్లించినా, క్వారీ డస్ట్ అయినా పనికొస్తుంది. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, మళ్లీ ఉప్పుతో బాధ.

మూడు నమూనా ఇటుకలు

ఇప్పుడు అసలు పని. ఒకటి మీ మట్టి ఉన్నదున్నట్టు, రెండోది మూడు తట్టల మట్టికి తట్ట ఇసుక, మూడోది రెండుకు ఒకటి. మూడింటిలోనూ బెత్తెడు పొడవున కోసిన వరిగడ్డి తట్టకు రెండు గుప్పెళ్లు వేయండి. గడ్డి పగుళ్లను ఒకేచోట తెరుచుకోనివ్వదు. ముద్దను ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు తొక్కి, 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 4 మందం ఉండే అచ్చులో ఒక్కో పాళ్లకు రెండేసి ఇటుకలు పోయండి. ఏది ఏ పాళ్లో పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో గీసి రాయండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకోవద్దు.

మొదటి రెండు మూడు రోజులు నీడ తప్పనిసరి. ఎండలో పైపొర ముందే ఆరి ముడుచుకుంటే, లోపలి తడి దానితో పాటు ముడుచుకోలేక పగులుతుంది. పట్టుకుంటే వంగనంత గట్టిపడ్డాక పక్క అంచు మీద నిలబెట్టండి. నాలుగు వారాలు ఓపిక పట్టాలి. ఆరాక పగుళ్లను దగ్గరగా చూడండి. వెంట్రుకంత గీతలు పైనే ఆగిపోతే వదిలేయండి. గోరు దిగేంత పగులు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పోతే ఆ పాళ్లు పనికిరావు.

తర్వాత ఇటుకను రెండు కొసలా రెండు రాళ్ల మీద ఆనించి, పెద్దవాళ్లలో ఒకరు మధ్యలో నెమ్మదిగా నిలబడాలి. విరక్కపోతే ఆ పాళ్లే మీ గోడకు. మిగిలిన ఇటుకను బకెట్ నీళ్లలో వేస్తే కరిగిపోతుంది, కంగారు పడకండి. పచ్చి ఇటుకను వాన నుంచి కాపాడేవి కింది రాతికట్టు, ముందుకు చాచిన చూరు, పైపూత. చూరు, పూత సంగతి తర్వాతి పాఠాల్లో వస్తుంది.

నాలుగో పాఠంలో అడుసు గుంత తవ్వి, తొక్కి, గోడ మొదలుపెడతాం. అప్పటికి మీ దగ్గర ఉండాల్సినవి: చుట్ట ఎంత పొడవున తెగిందో, పెట్టెలో ఎంత ఖాళీ వచ్చిందో రాసుకున్న కాగితం, మనిషి బరువుకు నిలిచిన ఇటుక ఒకటి. మూడూ విరిగితే ఇంకో చోట మట్టి తీసి మళ్లీ చుట్ట పరీక్ష నుంచి మొదలుపెట్టండి. గోడ ఒక నెల ఆలస్యమైనా నష్టం లేదు.