కృత్రిమ మేధను కొనేముందు ప్రాంతీయ స్థాయిలో పరిశీలించడం ఎలా

కృత్రిమ మేధను బాధ్యతగా వాడటం ఎలా అన్న విషయంలో సూత్రాలకు కొరత లేదు. యునెస్కో 2021 నవంబరులో దీని నైతికతపై ఒక సిఫార్సును ఆమోదించింది. ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ కూటమి ఒక మార్గదర్శినిని, జులైలో ఆఫ్రికా సమాఖ్య తన ఖండమంతటికీ వర్తించే వ్యూహపత్రాన్ని తెచ్చాయి. పారదర్శకత, న్యాయం, గోప్యత, మానవ పర్యవేక్షణ అన్న మాటలు వీటన్నింటిలోనూ ఉంటాయి. కానీ ఒక ఆసుపత్రో, ఒక సంక్షేమ శాఖో, ఒక విద్యాసంస్థో తన ముందుకు వచ్చిన ఫలానా సాఫ్ట్‌వేర్‌ను తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవలసిన రోజున ఆ మాటలు అంతగా అక్కరకు రావు. అక్కడి మనుషులు, భాష, పరికరాలు, చట్టం తెలిసిన భిన్న రంగాల వారు కలిసి కూర్చుని పరిశీలించడమే అందుకు మార్గం. ఆ పరిశీలన ఎలా జరపాలో ఈ వ్యాసం వివరిస్తుంది. వ్యవస్థను ఎవరు, ఏ ఆధారంతో ఆపగలరన్నది కొనుగోలుకు ముందే రాసిపెట్టుకోకపోతే మిగిలినదంతా కంటితుడుపే అవుతుందన్నది దీనికి మూలమైన అభిప్రాయం.

నిర్ణయాన్ని ఒక వాక్యంలో రాయండి

పరిశీలనను యంత్రం దగ్గర కాకుండా అది మార్చబోయే నిర్ణయం దగ్గర మొదలుపెట్టాలి. ఎవరి గురించి, ఎవరు, ఏ నిర్ణయం తీసుకుంటున్నారు, ఇప్పటిదాకా అది ఎలా జరిగింది, ఇకపై ఎలా జరుగుతుంది అన్నవన్నీ ఒకే వాక్యంలో ఇమడాలి. ‘కంటి పరీక్షల్లో ఆధునిక సాంకేతికతను ప్రవేశపెట్టడం’ అని రాస్తే ఎవరూ అభ్యంతరం చెప్పలేరు, ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘నర్సు తీసిన రెటీనా (కంటి లోపలి పొర) చిత్రాన్ని చూసి రోగిని పెద్దాసుపత్రికి పంపాలా వద్దా అన్నది ఇకపై కంటి వైద్యుడి కన్నా ముందు సాఫ్ట్‌వేర్ చెబుతుంది’ అని రాస్తే ప్రశ్నలు వాటంతట అవే పుట్టుకొస్తాయి.

ఇది కృత్రిమ మేధ కిందికి వస్తుందా రాదా అన్న వాదనలో కాలం వృథా చేయకూడదు. ఆస్ట్రేలియాలో ‘రోబోడెట్’గా అపఖ్యాతి పొందిన పథకంలో ఉన్నది సాధారణ భాగహారమే. పన్ను శాఖ వద్ద ఉన్న వార్షిక ఆదాయాన్ని ఏడాదిలోని పక్షాలన్నింటికీ సమానంగా పంచి, ఆ సగటు కన్నా తక్కువ ఆదాయం చూపిన లబ్ధిదారులను ప్రభుత్వానికి బాకీపడినవారిగా లెక్కగట్టారు. కొంతకాలం పని దొరికి, కొంతకాలం దొరకనివారి ఆదాయం అలాంటి సగటుతో ఎన్నటికీ పొసగదని చెప్పడానికి కార్మికులతో పనిచేసిన ఒక్క మనిషి చాలు. ఆ మాట పట్టించుకోనందువల్ల లక్షలాది మందికి అక్రమంగా బాకీ నోటీసులు వెళ్లాయి. 2023 జులైలో దీనిపై విచారణ జరిపిన రాయల్ కమిషన్ తన నివేదికలో ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

బృందంలో ఎవరుండాలి

ఆ పనిని రోజూ చేసే మనిషి ఒకరు, గణాంకాలు తెలిసినవారు ఒకరు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు, న్యాయవాది ఒకరు, ఆ ప్రాంత భాషా భేదాలు ఎరిగినవారు ఒకరు, అక్కడి సమాజాన్ని అధ్యయనం చేసినవారు ఒకరు, ఆ నిర్ణయానికి లోబడే ప్రజల్లోంచి కనీసం ఇద్దరు ఉండాలి. అంతకు మించి పెరిగితే సమావేశాలు జరుగుతాయి కానీ పని జరగదు. ప్రజల తరఫున వచ్చేవారికి ఆ రోజు కూలి, దారిఖర్చులు ఇవ్వాలి. మిగిలిన వారందరూ జీతం మీద వచ్చి, వారు మాత్రం ఉచితంగా రావాలనుకోవడం సబబు కాదు. అమ్మే సంస్థ ప్రతినిధిని పిలిచి ప్రశ్నలు అడగవచ్చు, నిర్ణయం తీసుకునే వేళ మాత్రం ఆయన గదిలో ఉండకూడదు.

మాట్లాడే వరుస కూడా ముఖ్యమే. ఇంజనీరు ముందుగా స్లైడ్లు చూపిస్తే తక్కినవారి ప్రశ్నలన్నీ ఆ స్లైడ్ల చుట్టూనే తిరుగుతాయి. అందుకని సమావేశానికి ముందే ప్రతి ఒక్కరూ విడివిడిగా, ‘ఇది విఫలమైతే ఎక్కడ, ఎవరి విషయంలో, ఎలా విఫలమవుతుంది’ అన్నదానికి ఒక పేజీ రాసి తేవాలి. చదవడం క్షేత్రంలో పనిచేసేవారితో మొదలై ఇంజనీరుతో ముగియాలి. కుదరని అభిప్రాయాలను ఏకాభిప్రాయం పేరుతో చెరిపివేయకుండా, ఎవరు ఏమన్నారో యథాతథంగా నమోదు చేయాలి.

మీ చోట, మీ పరికరాలతో పరీక్షించండి

వివిధ శాస్త్రాల వారు కలిసి చూడవలసిన అవసరాన్ని థాయిలాండ్ అనుభవం చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. మధుమేహం వల్ల రెటీనాకు కలిగే హానిని గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ పరిశోధకులు అక్కడి 11 క్లినిక్‌లలో పరిశీలించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. ప్రయోగశాలలో దాని కచ్చితత్వం నిపుణులైన వైద్యులతో సమానమని అప్పటికే పేరు వచ్చింది. క్లినిక్‌లో జరిగింది వేరు. కొన్నిచోట్ల చిత్రాలు తీయడానికి ప్రత్యేకమైన చీకటి గది లేకపోవడంతో అవి మసకగా వచ్చాయి. నాణ్యత చాలని చిత్రాన్ని చూడనని సాఫ్ట్‌వేర్ తిరస్కరించేది. మొదటి ఆరు నెలల్లో పంపిన 1,838 చిత్రాల్లో 21 శాతం అలా తిరిగివచ్చాయి. తిరస్కరించిన ప్రతి రోగినీ మరో ఆసుపత్రిలోని నిపుణుడి దగ్గరకు పంపాలన్నది నియమం. చిత్రంలో జబ్బు ఆనవాళ్లు లేవని నర్సుకు కంటికి కనిపిస్తున్నా ఆ రోగికి ప్రయాణం, సెలవు, ఖర్చు తప్పవు. ఇంటర్నెట్ వేగం చాలని చోట ఒక్కో చిత్రం చేరడానికి నిమిషం నుంచి నిమిషంన్నర దాకా పట్టి, వరుసలో నిలుచున్నవారి సంఖ్య పెరిగేది.

ఈ సమస్యల్లో ఒక్కటి కూడా అల్గారిథమ్ (సాఫ్ట్‌వేర్ లెక్కించే పద్ధతి) తప్పు కాదన్నది గమనించాలి. వెలుతురు సంగతి నర్సుకు తెలుసు, వేగం సంగతి నెట్‌వర్క్ చూసేవారికి తెలుసు, ప్రయాణ భారం రోగికి తెలుసు. ఈ ముగ్గురినీ ముందే కూర్చోబెట్టి ఉంటే ఆ ఒక పేజీ పత్రాల్లోనే ఇవన్నీ బయటపడేవి. మరో మాట కూడా చెప్పాలి: ఆ పరిశోధకులు తమ సొంత సాధనం లోపాలను దాచకుండా ప్రచురించారు. అమ్మకానికి వచ్చే సంస్థను, ఇలాంటి క్షేత్ర పరిశీలన ఏదైనా చేశారా, చేస్తే ఫలితాలు చూపించండి అని అడగడానికి అది మంచి కొలబద్ద.

కాబట్టి ఒప్పందానికి ముందు కొన్ని వారాలపాటు నిశ్శబ్ద పరీక్ష జరపాలి. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేస్తుంది, దాని జవాబు మాత్రం ఎవరికీ చూపించరు. నిర్ణయాలు పాత పద్ధతిలోనే సాగుతాయి. చివరన రెండింటినీ పోల్చి చూస్తారు. పరీక్షకు మంచి భవనం, మంచి ఇంటర్నెట్ ఉన్న చోటును ఎంచుకోవడం పరిపాటి. అన్నిటికన్నా బలహీనమైన కేంద్రాన్ని, అన్నిటికన్నా రద్దీగా ఉండే రోజును ఎంచుకుంటేనే అది పరీక్ష అనిపించుకుంటుంది.

కచ్చితత్వం శాతాన్ని విడదీయండి

అమ్మేవారు చెప్పే ‘95 శాతం కచ్చితత్వం’ ఎవరి మీద కొలిచిందో అడగాలి. ఆ తర్వాత దాన్ని సొంత లెక్కలోకి మార్చుకోవాలి. ఉదాహరణకు పదివేల దరఖాస్తుల్లో నిజంగా మోసపూరితమైనవి నూటికి ఒకటి, అంటే వంద అనుకుందాం. మోసాల్లో 90 శాతాన్ని పట్టుకోగల, నిజాయితీపరుల్లో 5 శాతాన్ని మాత్రమే పొరపాటున అనుమానించే సాఫ్ట్‌వేర్ చాలా మంచిదనే అనిపిస్తుంది. అది పట్టుకునే మోసాలు 90. కానీ మిగిలిన 9,900 మందిలో 5 శాతం అంటే 495 మంది నిజాయితీపరులు కూడా అదే జాబితాలో చేరతారు. మొత్తం 585 మందిలో నిజంగా తప్పు చేసినవారు ఆరుగురిలో ఒకరు కూడా ఉండరు. ఆ 495 మందికి ఏం జరుగుతుంది? ఫోన్ చేసి వివరం అడుగుతారా, లేక పింఛను ఆపేస్తారా? మొదటిదైతే సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది, రెండోదైతే అదే సాఫ్ట్‌వేర్ అన్యాయం చేస్తుంది. ఈ తేడాను గణాంకవేత్త ఒక్కరే తేల్చలేరు, న్యాయవాది ఒక్కరే తేల్చలేరు.

తర్వాత, యంత్రం దేన్ని అంచనా వేస్తోందో, మనకు కావలసింది అదేనా అని చూడాలి. అమెరికాలో ఎక్కువ వైద్య సహాయం అవసరమైన రోగులను గుర్తించడానికి విస్తృతంగా వాడిన ఒక అల్గారిథమ్, అనారోగ్యానికి బదులుగా వైద్య ఖర్చును అంచనా వేసేది. వైద్యం అందుబాటులో లేనివారికి ఖర్చు తక్కువే అవుతుంది కనుక, అంతే జబ్బుపడిన నల్లజాతి రోగులు వెనక్కి నెట్టబడ్డారు. దీన్ని సరిదిద్దితే అదనపు సహాయం పొందేవారిలో వారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. డేటాలో జాతి అన్న గడి లేకపోయినా ఇలా జరిగింది. సున్నితమైన వివరాలను తొలగించాం కనుక పక్షపాతం లేదనే వాదనను అందుకే అంగీకరించకూడదు.

న్యాయాన్ని ఏ కొలమానంతో కొలవాలన్నది గణితం తేల్చే విషయం కాదు. సమూహాల మధ్య, ఉదాహరణకు మోసాల, అసలు రేట్లే వేరుగా ఉండి, అంచనా పరిపూర్ణం కానప్పుడు, అంచనాలు అందరికీ ఒకేలా నమ్మదగినవిగా ఉండటం, తప్పుడు అనుమానాలూ పట్టుబడకుండా పోయే కేసులూ అందరిలోనూ ఒకే స్థాయిలో ఉండటం అనేవన్నీ ఒకేసారి సాధ్యం కావని నిరూపణ ఉంది. ఏది వదులుకోవాలో ఆ ప్రాంతం తెలిసి ఎంచుకోవాలి, ఎంచుకున్న కారణాన్ని రాసిపెట్టాలి.

భాష విషయంలో పరీక్షకు సంఖ్యాబలం చాలా అవసరం. మాట విని రాసే సాఫ్ట్‌వేర్‌ను ఒక మారుమూల యాసలో ఇరవై మందిపై పరీక్షించి ఒక్క తప్పూ రాలేదంటే అది భరోసా కాదు. తప్పులు సున్నా వచ్చినప్పుడు మూడును పరీక్షించిన సంఖ్యతో భాగిస్తే అసలు తప్పుల రేటు ఎంతదాకా ఉండవచ్చో రమారమి తెలుస్తుంది. ఇరవై మందికి అది 15 శాతం, మూడువందల మందికి ఒక శాతం. అందరినీ కలిపిన సగటు ఇక్కడ ఏమీ చెప్పదు. ముఖాన్ని చూసి స్త్రీయో పురుషుడో చెప్పే వాణిజ్య సాఫ్ట్‌వేర్లను 2018లో పరీక్షించినప్పుడు, తెల్లచాయ పురుషుల విషయంలో తప్పులు గరిష్ఠంగా 0.8 శాతం ఉండగా నల్లచాయ స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. ఏ సమూహాలను విడిగా లెక్కించాలో ప్రాంతమే నిర్ణయించుకోవాలి. కొన్నిచోట్ల అది చర్మపు ఛాయ కావచ్చు, మరికొన్నిచోట్ల కులమో, మాండలికమో, ఫోన్ రకమో కావచ్చు.

‘తుది నిర్ణయం మనిషిదే’ అంటే ఎంత సమయం

దాదాపు ప్రతి ప్రతిపాదనలోనూ ఈ హామీ ఉంటుంది. రోజుకు ఎన్ని కేసులు, ఎందరు ఉద్యోగులు, ఒక్కో కేసుకు ఎన్ని నిమిషాలు అని లెక్క వేస్తే దాని అసలు విలువ తెలిసిపోతుంది. యంత్రంతో విభేదించిన ఉద్యోగి కారణం రాయాలి, ఏకీభవించినవారు ఏమీ రాయనక్కరలేదు అన్న నియమం ఉంటే ఎవరూ విభేదించరు. కాబట్టి యంత్రం మాటను తోసిపుచ్చిన సందర్భాలు ఎన్నో నెలనెలా చూడాలి. ఆ సంఖ్య సున్నాకు దగ్గరగా ఉంటే సాఫ్ట్‌వేర్ గొప్పదని సంతోషించే ముందు కొన్ని కేసులను తీసి, సాఫ్ట్‌వేర్ జవాబు చూడని మరో ఉద్యోగితో తిరిగి పరిశీలింపజేయాలి.

ఆపే షరతులు

ఆపే అధికారం ఒక పదవికి ఉండాలి, కమిటీకి కాదు. కమిటీ సమావేశమయ్యేలోగా జరగరానిది జరిగిపోతుంది. ఏ సమూహంలోనైనా తప్పుడు అనుమానాలు ఫలానా శాతం దాటినా, అప్పీళ్లకు ఫలానా రోజుల్లో జవాబు రాకపోయినా, సంస్థ చెప్పకుండా సాఫ్ట్‌వేర్‌ను నడిపే మోడల్‌ను మార్చినా వాడకం ఆగిపోతుందని ఒప్పందంలో అంకెలతో రాయాలి. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యాల వ్యవహారంలో, పౌరసత్వాన్ని కూడా ప్రమాద సూచికగా వాడిన లెక్కింపు వేలాది కుటుంబాలను మోసగాళ్లుగా చిత్రించడంలో పాలుపంచుకుంది. వారి గోడు ఏళ్ల తరబడి ఎవరికీ పట్టలేదు. చివరకు 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేయవలసి వచ్చింది. అప్పీలు సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని మనిషి దగ్గరకు, ప్రజలు మాట్లాడే భాషలో, రాయడం రానివారు నోటితో చెప్పినా చెల్లేలా ఉండాలి.

డేటా విషయం క్లుప్తంగా: ఇక్కడి ప్రజల సమాచారంతో సంస్థ తన మోడల్‌కు తర్ఫీదు ఇవ్వవచ్చా లేదా, ఇస్తే ఆ ప్రాంతానికి దక్కేదేమిటి అన్నవి ముందే తేలాలి. ఆదివాసీ సమాజాల డేటా కోసం 2019లో వెలువడిన ‘కేర్’ సూత్రాలు ఇందుకు మంచి ఆధారం. సమాచారంపై అధికారం, దాని వల్ల కలిగే ఉమ్మడి ప్రయోజనం ఆ సమాజానివేనన్నది వాటి సారం.

ఆపవలసి వస్తే పని ఎలా నడుస్తుందన్నది చివరి ప్రశ్న, చాలామంది మరిచిపోయే ప్రశ్న కూడా. పాత పద్ధతిలో పనిచేయగల సిబ్బందిని కనీసం ఏడాదిపాటు అలాగే ఉంచాలి, ఫారాలను, రిజిస్టర్లను తీసివేయకూడదు, మూడు నెలలకొకసారి ఒక రోజంతా సాఫ్ట్‌వేర్ లేకుండా పని నడిపి చూడాలి. ఆపిన తర్వాత, అప్పటిదాకా దాని మాట మీద తీసుకున్న నిర్ణయాల జాబితా తీసి, నష్టపోయినవారు అడిగేదాకా ఆగకుండా శాఖే వారికి కబురు పంపి, ఆ కేసులను ఒక్కొక్కటిగా తిరిగి తెరవాలి.